మణికట్టు ఎముక విరిగినప్పుడు: శస్త్రచికిత్స లేకుండ చేయి కోలుకొను విధము

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరు పట్టణమున ఇందా అను పేట కలదు. ఒడిశా ట్రంకు రోడ్డు దీని మీదుగా పోవును. 1949లో స్థాపింపబడిన ఖరగ్‌పూరు కళాశాల ఇచ్చటనే ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఈ పట్టణమున జంక్షనును, పెద్ద కర్మాగారమును నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు కొలువులకై ఇక్కడికి వచ్చి స్థిరపడిరి. తరములు గడచినను ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు ఈ పట్టణమున నేటికిని పెక్కు కలవు. వీరి బ్రతుకు చాలవరకు చేతిపనిమీద నడచినది. స్పానరు త్రిప్పు ఫిట్టరునకును, బరువు మోయు ఖలాసీకిని, నీళ్ల బిందె ఎత్తు గృహిణికిని మణికట్టు ఒక్కటే ఆధారము. అది విరిగినచో ఇల్లు నడుచుటయే కష్టమగును.

వానకాలమున ఈ ప్రాంతపు పెరళ్లలోను, నూతిగట్ల వద్దను, మెట్లమీదను నాచు పట్టును. శ్రావణమాసమున ఒకనాటి ఉదయము అరువదేండ్ల గృహిణి యొకతె బట్టలు ఆరవేయబోయి కాలుజారి, నేలకు కుడిచేయి ఆనించి పడినదనుకొనవచ్చును. లేచి చూచుకొనునప్పటికి మణికట్టు వాచి, వంకరపోయి యుండును. ఇట్టి సంఘటన ఏ వీధిలోనైనను జరుగునదే. పెద్దవారిలో విరుగు ఎముకలలో మణికట్టు ఎముక మిక్కిలి తరచుగా కనబడునది. ఆమెకు చికిత్స ఎట్లు జరుగును, ఆమె చేయి మరల ఎప్పుడు అన్నము కలుపగలదు, ఎప్పుడు బిందె ఎత్తగలదు అనునది ఈ పాఠమున చెప్పబడును.

విరుగునది ఏ ఎముక?

మోచేతినుండి మణికట్టు వరకు రెండు ఎముకలు కలవు. బొటనవ్రేలి వైపున ఉన్నది రత్ని, చిటికెనవ్రేలి వైపున ఉన్నది అరత్ని. వీటికిని అరచేతికిని నడుమ ఎనిమిది చిన్న ఎముకలు రెండు వరుసలుగా అమరియుండును. పడునప్పుడు మనుష్యుడు తన్ను కాపాడుకొనుటకై చేయి చాచును. దేహభారమంతయు అరచేతి మడమమీద పడి, రత్ని యొక్క చివరిభాగము కీలునకు కొంచెము పైన విరుగును. విరిగిన తునక చేతి వెనుకవైపునకు జరుగుటచేత మణికట్టు ప్రక్కనుండి చూచిన బోర్లించిన ముల్లుచెంచావలె కనబడును.

ఈ విరుగుడును 1814లో డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు అబ్రహాం కాలెస్ చక్కగా వర్ణించెను. ఆనాటికి ఎక్స్‌-రే లేదు; రంట్‌గెన్ ఆ కిరణములను కనుగొని తన భార్య చేతి ఎముకలను చిత్రించినది 1895 డిసెంబరులో. అంతకు ఎనుబది యేండ్లకు పూర్వమే, వ్రేళ్లతో తడవి చూచి మాత్రమే, కాలెస్ ఎముక విరిగిన చోటును సరిగా చెప్పెను. చేయి వంకర కొంత మిగిలిపోయినను, కాలక్రమమున నొప్పి పోయి పని చేయగలదని కూడ ఆయన గమనించెను. ఈ రెండవ మాట రెండువందల యేండ్ల పిమ్మట నేటికిని రోగికి ధైర్యము నీయదగినదే.

అయితే మణికట్టు నొప్పి అంతయు ఈ విరుగుడే అనుకొనరాదు. బొటనవ్రేలిని వెనుకకు చాచినప్పుడు దాని మొదట ఒక చిన్న గుంట ఏర్పడును. పడిన పిమ్మట ఆ గుంటలో నొక్కిన నొప్పి యున్నచో, ఎనిమిది చిన్న ఎముకలలో ఒకటి విరిగి యుండవచ్చును. అది మొదటి ఎక్స్‌-రేలో కనబడకపోవుట కలదు. దానికి రక్తప్రసారము తక్కువగుటచే అతుకుటకు చాల కాలము పట్టును. ఉపేక్షించినచో అతుకకయే పోవచ్చును. "బెణికినది, అంతే" అని కాపడము పెట్టుకొని ఊరకుండిన యువకులకే ఈ నష్టము ఎక్కువగా కలుగుచున్నది.

పడిన వెంటనే

మొట్టమొదట ఉంగరములు, గాజులు తీసివేయవలెను. ఇది స్వల్పవిషయముగా తోచును గాని, గంటలోపల వ్రేళ్లు వాచినచో ఉంగరమును కోసి తీయవలసి వచ్చును. మట్టిగాజులు వేసికొని పడినవారికి గాజుముక్కలు గ్రుచ్చుకొని యుండునేమో కూడ చూడవలెను. పిమ్మట మడచిన వార్తాపత్రికయో, అట్టముక్కయో మోచేతి క్రిందినుండి అరచేతి వరకు ఆనించి, వదులుగా గుడ్డ చుట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా ఉంచుకొని ఆసుపత్రికి పోవలెను. ఎముకను లాగి సరిచేయుటకు ఇంటివారు ప్రయత్నింపరాదు. మత్తుమందు ఇచ్చి ఎముకను సరిచేయవలసి రావచ్చును గనుక దారిలో టిఫిను, టీ ఇప్పింపకుండుట మంచిది.

తెలుగువారికి ఈ సందర్భమున పుత్తూరు కట్టు జ్ఞాపకము వచ్చును. చిత్తూరు సీమలోని పుత్తూరున ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపట్టీలతో ఎముకలు కట్టు సంప్రదాయము తరతరములుగా ప్రసిద్ధము. ఎముకను కదలకుండ పట్టియుంచిన అది అతుకునను మూలసూత్రము ఆ కట్టునకును, ఆసుపత్రి కట్టునకును సమానమే. భేదమెక్కడ ననగా, ఎక్స్‌-రే చూడకుండ కట్టిన కట్టులో ఎముక తునక ఎక్కడ ఉన్నదో తెలియదు. బిగుతు కట్టు క్రింద చేయి వాచినచో రక్తము ఆగిపోయి కండ చచ్చుటయు, చేయి శాశ్వతముగా ముడుచుకొనిపోవుటయు కలదు. అందుచేత ఎవరు కట్టినను, కట్టిన రాత్రి నొప్పి తగ్గుటకు మారుగా పెరుగుచున్నచో ఆ కట్టును వెంటనే విప్పింపవలసినదే.

నల్లేరును గూర్చి ఒక మాట. తెలుగువారు పచ్చడి చేసికొను ఈ తీగను బెంగాలీలు హాడ్‌జోడా, అనగా ఎముకలను కలుపునది, అని పిలుతురు. రెండు భాషలవారును దీనిని ఎముకల మందుగా తలంచుట వింతయే. నల్లేరు పచ్చడి తినుటకు అభ్యంతరము లేదు. ముద్ద నూరి విరిగిన చోట వేసి పైన బిగించి కట్టుట మాత్రము కూడదు. దురద, పొక్కులు కలిగి అసలు చికిత్సకు అడ్డు వచ్చును.

శస్త్రచికిత్స ఎవరికి, కట్టు ఎవరికి?

ఆసుపత్రిలో రెండు వైపులనుండి ఎక్స్‌-రే తీసి చూతురు. తునక కదలనిచో కట్టు ఒక్కటే చాలును. కదలినచో విరిగిన చోట మత్తుసూది వేసి, చేతిని లాగి, తునకను తన చోట కుదిర్చి, పిండికట్టు వేయుదురు. మొదట వాపు ఉండును గనుక చుట్టును మూయక, ఒక ప్రక్కను మాత్రము గట్టి పలకవలె ఉండు అరకట్టు వేసి, వాపు తగ్గిన పిమ్మట పూర్తికట్టు వేయుట సాధారణము. ఈ పిండికట్టును గుడ్డపట్టీలో జిప్సము పొడి నింపి మొదట ప్రచారమునకు తెచ్చినవాడు 1852లో డచ్చి సైనిక వైద్యుడు మథైసెన్. తడిపిన పొడి గట్టిపడునప్పుడు చేతికి వెచ్చగా తగులును, దానికి భయపడనక్కరలేదు. పూర్తిగా ఆరుటకు ఒకటి రెండు దినములు పట్టును. అంతవరకు కట్టును గట్టి బల్ల అంచుమీద ఆనింపరాదు. నొక్కుపడిన చోట లోపల పుండు పడును.

ఎముక చర్మమును చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు, నరము నలిగినప్పుడు, కీలు లోపలి నునుపు తలము ముక్కలై మెట్టుగా నిలిచినప్పుడు, కుదిర్చినను తునక నిలువనప్పుడు శస్త్రచికిత్స అవసరము. పని చేయు వయస్సువారిలో ఎముక చక్కగా కుదురుట మఱింత ముఖ్యము గనుక వారికి దీనిని తరచుగా సూచింతురు. పలకలు, మరలు వేయుట నేడు విరివిగా జరుగుచున్నది. అందువలన కట్టు వేసి పంపిన వైద్యుడు తక్కువ చికిత్స చేసెనని బంధువులు సందేహించుటయు కద్దు. ఈ సందేహమునకు ఆధారము లేదు.

2021లో ఆస్ట్రేలియా, న్యూజీలాండు దేశముల వైద్యులు అరువదేండ్లు దాటినవారిలో పలక వేసినవారిని, ఎముక కుదిర్చి కట్టు మాత్రము వేసినవారిని పోల్చి చూచిరి. ఏడాది గడచునప్పటికి చేతి పనిలోను, నొప్పిలోను చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 2022లో బ్రిటనులో 36 ఆసుపత్రులలో 500 మంది పెద్దవారిపై మఱియొక పరీక్ష ప్రకటింపబడెను. ఎముకను కుదిర్చిన పిమ్మట కొందరికి సన్నని తీగలు గ్రుచ్చిరి, కొందరికి కట్టు మాత్రము వేసిరి. ఏడాది చివర ఇరువురి చేతులును సమానముగనే పనిచేసెను. కాని కట్టు వేసినవారిలో ఎనిమిదిమందికి ఒకరు చొప్పున మొదటి ఆరు వారములలోనే ఎముక జరిగి శస్త్రచికిత్స చేయించుకొనవలసి వచ్చెను.

ఈ చివరి సంగతియే రోగి గ్రహింపవలసినది. కట్టు మంచి చికిత్స; అయితే అది కాపలా ఉండవలసిన చికిత్స. మొదటి వారము చివరను, రెండవ వారము చివరను మరల ఎక్స్‌-రే తీయుదురు. తునక జరిగినచో ఆ దినములలో సులభముగా సరిచేయవచ్చును. నెల గడచిన పిమ్మట ఎముక వంకరగనే అతుకనారంభించును. "నొప్పి తగ్గినది, మరల పోనేల?" అని ఆ రెండు దర్శనములను మానుకొనువారు ఈ చికిత్సలోని రక్షణనే పోగొట్టుకొనుచున్నారు. పనికి సెలవు దొరకలేదనియో, తోడు వచ్చువారు లేరనియో మానుటయు తరచు జరుగుచున్నది. ఇంటివారు ముందుగనే ఆ రెండు తేదీలను క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనుట మేలు.

కట్టులో ఉన్న వారములు

విరిగిన చోట మొదట రక్తము గడ్డకట్టును. రెండు మూడు వారములలో అచ్చట మెత్తని క్రొత్త పదార్థము పుట్టి రెండు కొనలను కలుపును. అది క్రమముగా గట్టిపడి ఆరవ వారము నాటికి చేతిని మెల్లగా వాడుటకు తగిన బలము పొందును. ఆ అతుకు నునుపుదేరి అసలు ఎముకవలె అగుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. కట్టు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు ఉండును. పొగత్రాగువారిలో ఎముక అతుకుట ఆలస్యమగును. బీడీ, సిగరెట్టు మానుటకు ఇంతకంటె తగిన సమయము లేదు.

మొదటి మూడు దినములు చేతిని గుండెకంటె ఎత్తున ఉంచుటయే ముఖ్యము. పండుకొనునప్పుడు రెండు దిండ్లమీదను, కూర్చుండినప్పుడు కుర్చీ చేతిపై దిండు వేసి దానిమీదను ఉంచుకొనవలెను. మెడకు వ్రేలాడదీయు గుడ్డ నడుచునప్పుడు సుఖమిచ్చును గాని, దినమంతయు దానిలోనే చేయి దాచుకొనుట తగదు.

ఇచ్చటనే అసలు విషయము వచ్చును. పిండికట్టు మణికట్టును మాత్రమే కదలకుండ పట్టియుంచుటకు వేయబడినది. వ్రేళ్లను గాని, మోచేతిని గాని, భుజమును గాని కదపవద్దని దాని భావము కాదు. చేయి విరిగినవారిలో ఎక్కువ మంది ఈ భేదము తెలియక, చేయంతయు కదపరానిదని తలంచి, ఆరు వారములు ఒడిలో పెట్టుకొని కూర్చుందురు. కట్టు విప్పునాటికి ఎముక అతికియుండును. వ్రేళ్లు మాత్రము కొయ్యబారి, భుజము ఎత్తరాక యుండును. విరగని కీళ్లు పాడగుట విరిగిన ఎముకకంటె ఎక్కువ బాధ పెట్టును.

కావున కట్టు వేసిన నాడే వ్రేళ్లకు పని చెప్పవలెను. మెలకువగా ఉన్నంతసేపు గంటకొకమారు, పదేసి పర్యాయములు, వ్రేళ్లను నిండుగా పిడికిలి బిగించి, నిండుగా చాచవలెను. బొటనవ్రేలి కొనను తక్కిన నాలుగు వ్రేళ్ల కొనలకు వరుసగా తాకింపవలెను. వ్రేళ్లను ఎడముగా విప్పి దగ్గరకు చేర్చవలెను. మోచేతిని మడచి చాచవలెను. చేతిని తలపైకి ఎత్తవలెను. కొంచెము నొప్పి కలుగును. ఆ కదలికవలన ఎముక జరుగదు. కట్టు అంచు అరచేతిలోని అడ్డగీతను దాటి ముందుకు వచ్చినచో పిడికిలి బిగియదు. అట్లున్నచో ఆ అంచును కత్తిరింపుమని ఆసుపత్రిలో అడుగుటకు రోగి సంకోచింపరాదు. కప్పు పట్టుకొనుట, బొత్తాము పెట్టుకొనుట, కాగితము మడచుట వంటి తేలిక పనులు ఆ చేతితోనే చేయవచ్చును. బరువు ఎత్తుట, ఆనుకొని లేచుట మాత్రము కూడదు.

కట్టు లోపల దురద పుట్టినప్పుడు పుల్లలు, అల్లిక సూదులు దూర్పరాదు. స్నానమునకు కట్టుపై ప్లాస్టిక్కు సంచి తొడిగి పైన కట్టవలెను. తడిసిన పిండికట్టు మెత్తబడి పనికిరాకుండ పోవును.

వెంటనే ఆసుపత్రికి పోవలసిన గుర్తులు కొన్ని కలవు. చేయి ఎత్తున ఉంచి, మందు వేసికొన్నను నొప్పి పెరుగుచుండుట. వ్రేళ్లు నీలముగనో, పాలిపోయియో, చల్లగనో అగుట. వ్రేళ్లను మఱియొకరు మెల్లగా చాచినను భరింపరాని నొప్పి కలుగుట. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మొద్దుబారుట. కట్టునుండి దుర్వాసన వచ్చుట. వీటికి తెల్లవారువరకు వేచియుండరాదు.

ఖరగ్‌పూరు వంటి చోట ఈ గుర్తులను చెప్పుకొనుటయే ఒక చిక్కు. ఇంట తెలుగు, బజారున హిందీ, ఆసుపత్రిలో బెంగాలీ వినబడును. ముసలివారు "చేయి తిమ్మిరెక్కినది" అన్నమాటకు "నొప్పి" అను మాటయే తర్జుమాగా పోయి, నొప్పిమాత్రలతో ఇంటికి తిరిగివచ్చుట సంభవము. తిమ్మిరికి బెంగాలీలో ఝిన్‌ఝిన్ అందురు. స్పర్శ తెలియక మొద్దుబారుటకు ఒబోశ్ అందురు. హిందీలో సున్ అందురు. ఈ మూడు మాటలు నేర్చుకొని, మొద్దుబారిన వ్రేలిని ముట్టి చూపినచో వైద్యునికి సంగతి తెలియును.

కట్టు విప్పిన పిమ్మట

శ్రావణమున పడిన గృహిణికి భాద్రపదము చివర కట్టు విప్పుదురు. ఆ దినము సంతోషముతో పోయి దిగులుతో తిరిగి వచ్చువారే ఎక్కువ. చేయి సన్నబడి, చర్మము పొలుసులు రేగి, మణికట్టు వాచి, త్రిప్పబోయిన త్రిప్పుడుపడక యుండును. ఎముక సరిగా అతుకలేదేమోయని ఆమె అనుమానించును. ఇదియంతయు స్వాభావికమే. కట్టు విప్పుటతో చికిత్స ముగియలేదు. సగము మిగిలి యున్నది. ఆ సగమును చేయువారు వైద్యులు కారు, రోగియే.

గోరువెచ్చని నీటిలో పది నిమిషములు చేయి ఉంచి, తరువాత కొబ్బరినూనెయో, నువ్వులనూనెయో మెల్లగా రాచుకొనవచ్చును. గట్టిగా మర్దనము చేయించుట, పక్కింటివారిచేత విరిచి సాగదీయించుట వలదు. బలవంతమువలన వాపు హెచ్చి కీలు మఱింత బిగియును. రోగి తన బలముతో తాను చేయు కదలికయే మేలైనది. దినమునకు నాలుగైదు మారులు, పది నిమిషముల చొప్పున, మణికట్టును పైకి, క్రిందికి, ఇరుప్రక్కలకు వంచవలెను.

తరచుగా మరువబడు కదలిక మఱియొకటి కలదు. మోచేతిని నడుమునకు ఆనించి, అరచేతిని ఆకాశము వైపునకు త్రిప్పి, మరల నేలవైపునకు త్రిప్పవలెను. తీర్థము పుచ్చుకొనునప్పుడు అరచేయి పట్టునట్టి ఈ భంగిమ తిరిగివచ్చుట మిక్కిలి ఆలస్యము. మోచేయి నడుమును విడిచినచో భుజము త్రిప్పుచున్నదే గాని మణికట్టు త్రిరుగుట లేదని తెలియవలెను. తాళము త్రిప్పుటకును, చిల్లర పుచ్చుకొనుటకును, ఫిట్టరు స్పానరు త్రిప్పుటకును ఇదియే మూలము. కుడిచేతితో అన్నము కలిపి ముద్ద నోటికి అందించుకొనుట ఈ కదలికలన్నిటిని ఒక్కటిగా చేయు పని. చెంచాకు అలవాటు పడక, ఆలస్యమైనను ఆ చేతితోనే తినుటకు యత్నించుట చక్కని వ్యాయామము.

రెండు అరచేతులను నమస్కారముగా చేర్చి, మోచేతులను మెల్లగా పైకెత్తి, చేతులను క్రిందికి దింపిన మణికట్టు వెనుకకు వంగును. మొదట కొద్దిగా మాత్రమే వంగును. వారమునకు వారము ఎంత ఎక్కువ వంగినదో మంచి చేతితో పోల్చి చూచుకొనవలెను. రోజుకు రోజు పోల్చిన నిరాశయే మిగులును. పట్టు తిరిగి వచ్చుటకు తడిగుడ్డను పిండుట, చపాతీపిండి పిసుకుట మంచి సాధనములు. వీటిని కట్టు విప్పిన రెండు మూడు వారములకు మొదలుపెట్టవచ్చును. ఆసుపత్రిలో వ్యాయామచికిత్స లభించునచో చూపించుకొనుట మంచిదే. దూరాభారముచేత పోలేనివారు ఇంటనే విడువక చేసినను ఫలము కలుగును.

ఈ విధముగా ఆ గృహిణి విజయదశమి నాటికి జడ వేసికొనగలదు, తేలిక గిన్నెలు తోమగలదు. కార్తికము చివరకు, అనగా సుమారు మూడు నెలలకు, నీళ్ల బకెట్టు కొలదికొలదిగా ఎత్తగలదు. సంక్రాంతికి అరిసెలపిండి పిసుకునప్పుడు సాయంకాలమునకు చేయి లాగును. అదియు క్రమముగా తగ్గును. పూర్తి బలము తిరిగి వచ్చుటకు ఏడాది పట్టవచ్చును. కొందరికి వానదినములలో కొంచెము నొప్పియు, మణికట్టున చిన్న ఉబ్బుయు మిగిలిపోవును. ఆ ఉబ్బును చూచి చికిత్స చెడినదనుట తగదు. అరువదేండ్లు దాటినవారిలో ఎక్స్‌-రేలో వంకరగా కనబడు మణికట్టు కూడ ఇంటిపనులన్నిటిని చేయుట వైద్యులు నిత్యము చూచుచున్నదే.

కర్మాగారపు పనివారి లెక్క వేరు. కాగితము, కలము పనివారు కట్టుతోనే కొలువునకు పోవచ్చును. సుత్తి, స్పానరు, బరువుల పనికి మూడునుండి ఆరు నెలలు పట్టుట కలదు. పట్టు తప్పిన చేయి యంత్రము వద్ద తనకే గాక ప్రక్కవానికిని ప్రమాదము. కావున త్వరపడి పనిలో చేరుటకంటె మొదట తేలికపని అడిగి పుచ్చుకొనుట మంచిది. మోటారుసైకిలు, స్కూటరు నడుపువారు బ్రేకును హఠాత్తుగా నిండుబలముతో నొక్కగల వరకు నడుపరాదు. కట్టుతో నడుపుట అసలే కూడదు.

మఱి రెండు చిక్కులు

నొప్పి నానాటికి తగ్గవలసినది పోయి మండుచున్నట్లు పెరుగుట, చర్మము మెరయుచు రంగు మారుట, చేయి అకారణముగా చెమర్చుట, ఒకమారు వేడిగను ఒకమారు చల్లగను ఉండుట, గుడ్డ తగిలినను ఓర్వలేకపోవుట కొందరిలో కనబడును. ఇది ఎముకకు సంబంధించిన చిక్కు కాదు, నరముల ప్రతిక్రియ. రోగి నటించుచున్నాడని ఇంటివారు విసుగుకొనరాదు. తొలినాళ్లలోనే చూపించినచో కదలికల వలనను, మందుల వలనను అది అదుపులోనికి వచ్చును. చేయి దాచుకొని కదపకుండుట దీనిని పెంచును.

రెండవది బొటనవ్రేలికి సంబంధించినది. ఎముక చక్కగా అతికి, అంతయు బాగున్నదనుకొన్న కొన్ని వారములకో, రెండు మూడు నెలలకో బొటనవ్రేలి కొన ఉన్నట్లుండి వ్రాలిపోయి పైకి లేవక పోవచ్చును. విరిగిన చోట రాచుకొని ఆ వ్రేలిని ఎత్తు నరము, అనగా స్నాయువు, తెగిపోవుటయే కారణము. తునక కదలని తేలిక విరుగుడులలోనే ఇది ఎక్కువగా జరుగుట విచిత్రము. పూర్వము ప్రష్యా సైన్యమున నిత్యము డోలు వాయించువారికి ఇదే స్నాయువు అరిగి తెగుచుండెడిది. దీనికి చిన్న శస్త్రచికిత్స కలదు. ఆలస్యము చేయక చూపించుకొనవలెను.

ఏబదియేండ్లు దాటినవారు, ముఖ్యముగా ముట్లుడిగిన స్త్రీలు, నిలుచున్న ఎత్తునుండి పడినంతనే మణికట్టు విరుగుట ఎముకలు పలుచబడినవని తెలుపు మొదటి గుర్తు కావచ్చును. అట్టివారికి రాబోవు ఏండ్లలో తుంటి ఎముక విరుగు అపాయము ఇతరులకంటె హెచ్చు. చేయి నయమైనదని సంతోషించి ఊరకుండక, ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకొనవలెనా, విటమిన్ డి, కాల్షియము, ఎముకలను బలపరచు మందు అవసరమా అని వైద్యుని అడుగవలెను. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. ఉత్తరాంధ్రవారికి క్రొత్తకాని రాగి అంబలిని బెంగాలు ఇండ్లలోను కాచుకొనవచ్చును. పాలు, పెరుగు, నువ్వులు, ఎముకలతో తినదగు చిన్నచేపలును మంచివి. పెరటి మెట్లమీది నాచును వారమునకొకమారు గీకించుట, స్నానాలగదిలో పట్టుకొనుటకు గోడకు కడ్డీ బిగించుట, రాత్రివేళ త్రోవలో దీపముంచుట, కంటిచూపు చూపించుకొనుట పండుగకు ముందే ముగింపదగిన పనులు.